మూడున్నర చుట్లు

ప్రతి శనివారం ముప్ఫై మందితో కూర్చుని భగవంతుడి నామాలు చదివే నోరు ఇది. ఈ నోటితో అబద్ధం చెప్పను. మీరు నమ్మకపోయినా నాకు కోపం రాదు. ఆ రాత్రి విన్నదాన్ని నేనే ఇంకా పూర్తిగా నమ్మలేదు.

మా ఇల్లు బెంగళూరులో, పీణ్యకు దగ్గర. మా ఆయన అక్కడే ఒక మెషిన్ షాపులో ఫిట్టరుగా పనిచేసి, ఆ జీతంతోనే ఇల్లు కట్టారు. మాకు పిల్లలు లేరు. ఆయన పోయి అప్పటికి ఏడాది. మర్నాడే సంవత్సరీకం. దొడ్డబళ్ళాపురం నుంచి మా మరిది కొడుకు పొద్దున్నే వచ్చి పిండం పెట్టాలి. ఏడాది కర్మ సరిగ్గా జరిగితే, పోయినవారు దారిలో ఎక్కడా ఆగకుండా పితృదేవతల్లో కలుస్తారని మా గురువుగారు చెప్పారు. మనం ఏడ్చి పట్టుకోకూడదు, వెనక్కి పిలవకూడదు అని కూడా చెప్పారు. ఆ ఏడాదంతా నేను చేసిన పని అదే... ఏడవకుండా ఉండటం.

ఎండాకాలం. బోరు ఎండిపోయింది. మధ్యాహ్నం వచ్చిన ట్యాంకర్ నీళ్ళు పై ట్యాంకులో సగానికి ఉన్నాయి. మర్నాడు స్నానాలకూ, మడి వంటకూ, వచ్చేవాళ్ళకూ అవే.

పదకొండు దాటాక పడుకున్నాను. అప్పుడు వినిపించింది. టప్... టప్... టప్...

వాకిట్లో మల్లెచెట్టు పక్కన, గోడకు ఉన్న కొళాయి. చెట్లకు నీళ్ళు పట్టే రబ్బరు పైపు దానికే తగిలిస్తాం. లేచి వెళ్ళి గట్టిగా తిప్పాను. కొళాయిని అంత బలంగా బిగించొద్దని ఆయన ఎన్నిసార్లు చెప్పారో. లోపల ఏదో తెగినట్టయింది... చుక్కలు కాస్తా సన్నటి ధార అయ్యాయి. కింద ఇనుప బకెట్ పెట్టాను. ఇలాగే వదిలేస్తే తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ.

ఆ కొళాయికి నీళ్ళు ఆపాలంటే మేడ మీద వాల్వ్ కట్టేయాలి. ఆ వాల్వ్ సంగతి చెప్పాలి మీకు. పాతది, లోపల మర అరిగిపోయింది. ఒక్క చోటే పట్టుకుంటుంది. అంతకు ముందే ఆపితే నీళ్ళు పోతూనే ఉంటాయి. ఆ చోటు దాటితే జారిపోయి మళ్ళీ నీళ్ళు వస్తాయి. పైన ఉన్నవాళ్ళకు ఏమీ తెలియదు. అందుకే మా ఇంట్లో అది ఎప్పుడూ ఇద్దరి పని. పైన నేను తిప్పేదాన్ని. కింద కొళాయి దగ్గర కూర్చుని ఆయన చెప్పేవారు. ఫిట్టరు ఇంట్లో ఇలాంటి వాల్వా అని నేను దెప్పితే, నువ్వు ఉండావు కదే, ఇంక కొత్తది ఎందుకు అని నవ్వేవారు.

ఒక్కదాన్నే ఎక్కాను. తిప్పాను. దిగాను. ధార పోతూనే ఉంది. మళ్ళీ ఎక్కాను. తిప్పాను. దిగాను. ఈసారి ఇంకా ఎక్కువ పోతోంది.

మూడోసారి మోకాళ్ళు పట్టుకుంటూ ఎక్కాను. ఆదివారం. రాత్రంతా వినిపించే మెషిన్ల రొద కూడా లేదు. కింద ధార పడుతున్న చప్పుడు ఒక్కటే. వాల్వ్‌ను పూర్తిగా వెనక్కి తిప్పి, మళ్ళీ మొదటి నుంచి బిగించడం మొదలుపెట్టాను. ఒకటి... రెండు... మూడు...

అలవాటు. అంతే. నోటికి వచ్చేసింది.

"నిలిచిందా అండీ?"

అడిగాక గానీ తెలియలేదు, ఏం అడిగానో.

అప్పుడు... కింద నుంచి...

"ఇంకా కారతా ఉండాది."

గట్టిగా కాదు. పనిలో ఉన్న మనిషి తల ఎత్తకుండా చెప్పినట్టు. నేను తిప్పాలనుకోలేదు... నా చెయ్యే తిప్పింది. పావు చుట్టు. ఇంకో పావు.

"చాలు. నిలిచిపాయ."

ధార చప్పుడు ఆగిపోయింది.

నామం చెప్పుకుందామనుకున్నాను. పుస్తకం చూడకుండా చదివే నామాలు... మొదటిది కూడా గుర్తు రాలేదు. దయ్యమని కాదు నా భయం. రేపు వెళ్ళిపోవాల్సిన మనిషిని నేను పిలిచాను. వచ్చి ఉంటే? నా పిలుపు పట్టుకుని ఈ కొళాయి దగ్గరే ఉండిపోతే?

పిట్టగోడ నాలుగు అడుగుల దూరంలో ఉంది. వంగి చూస్తే తెలిసిపోతుంది. చూడలేదు. ఉన్నచోటి నుంచే అన్నాను.

"నిలిచింది కదా. ఇంక మీరు పోండి. నేను చూసుకుంటా."

కాసేపటికి... బకెట్ పట్టుకునే కమ్మీ వాలిన చప్పుడు. టంగ్.

దిగాను. ఎవరూ లేరు. గేటుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. కొళాయికి ఒక్క చుక్క లేదు. బకెట్ అడుగున కొన్ని నీళ్ళే ఉన్నాయి. మల్లె పాదు తడిసి ఉంది. కారిన నీళ్ళు ఆయన ఎప్పుడూ మల్లెకే పోసేవారు. రెండోసారి దిగినప్పుడు నేనే పోశానేమో. పోసి ఉండొచ్చు. గుర్తు లేదు... ఒట్టు, గుర్తు లేదు.

పక్క స్థలంలో కొత్త ఇల్లు కడుతున్నారు. దానికి కాపలా ఉండే మనిషి మదనపల్లె వైపువాడు. మాట మా ఆయన మాటలాగే ఉంటుంది. మధ్యలో గోడ నడుము ఎత్తే. అతనే చూసి చెప్పి ఉండొచ్చు. కానీ అతను నాతో ఏది మాట్లాడినా ముందు అమ్మా అంటాడు. ఆ రాత్రి గొంతు నన్ను ఏమనీ పిలవలేదు.

మర్నాడు కర్మ జరిగింది. మేడ మీద పిండం పెట్టి పక్కకు జరగగానే కాకి వాలింది. మా మరిది కొడుకు కళ్ళు తుడుచుకున్నాడు.

"చూసినావా పెద్దమ్మా, పెదనాయన సంతోషంగా పోయినాడు."

తల ఊపాను. సాయంత్రం అతనే కొళాయికి కొత్త వాషర్ వేశాడు. ఆ వాల్వ్ కూడా మార్చేస్తానన్నాడు. వద్దన్నాను.

కాపలా మనిషిని ఈ రోజు వరకూ అడగలేదు. తనే చెప్పానంటే, ఆయన దారిన ఆయన వెళ్ళిపోయినట్టు. నేర్చుకున్న శాస్త్రం ప్రకారం నేను సంతోషపడాలి. తను కాదంటే... అప్పుడు ఆ రాత్రి ఈ ఇంట్లో నేను ఒక్కదాన్నే లేను. ఈ రెంటిలో దేనికోసం దేవుణ్ణి అడగాలో తెలియక, ఏదీ అడగకుండా దణ్ణం పెట్టి లేస్తున్నాను.

వచ్చే నెల ఆ కొత్త ఇంటికి గృహప్రవేశం. తర్వాత అతను ఉండడు. అడిగితే ఈ లోపే అడగాలి. రోజూ పొద్దున నేను మల్లెకు నీళ్ళు పోస్తుంటే గోడ అవతలి నుంచి పలకరిస్తాడు.

"అమ్మా, నీళ్ళు వచ్చినాయా?"

"వచ్చినాయప్పా" అంటాను. బకెట్ కింద పెట్టి, అతను ఇంకో మాట అంటాడేమోనని అక్కడే నిలబడతాను... ఆ గొంతు ఇదేనా అని వింటూ. పగటిపూట తెలియడం లేదు.