కాలేజీ గ్రౌండు నడుమ అమ్మ వేసిన పద్మం

మా చిన్నప్పుడు... నందిగామలో కాలేజీ గ్రౌండులో గోలు పడితే ఆ సంగతి మా వంటింట్లో ముందు తెలిసేది. గ్యాలరీ వెనక గోడని ఆనుకునే మా ఇల్లు. నాన్న ఆ కాలేజీలో పి.డి., అంటే ఆటల మాస్టారు. అమ్మ ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. అయినా పొయ్యి దగ్గర నుంచే అరుపుల్ని బట్టి ఆట చెప్పేసేది. అరుపు లేచి ఠక్కున ఆగితే బంతి బయటికి పోయినట్టు... సాగుతూ పోతే గోలు.

"మనోళ్ళే కొట్టారే" అనేది పోపు వేస్తూ. ఎప్పుడూ తప్పేది కాదు.

స్టేడియం అని పెద్ద పేరే గానీ, ఉన్నవి ఒక పక్కన ఏడు వరసల రాతిమెట్లు. కాలేజీ పెట్టిన కొత్తల్లో జగ్గయ్యపేట వైపు నుంచి లారీల్లో వచ్చిన రాళ్ళని విద్యార్థులే మోసి పేర్చారట. కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌కీ నాన్న ఈ కథ చెప్పేవారు, వాళ్ళు వినకపోయినా సరే. ఎండకి ఆ మెట్లు పెనంలా కాలేవి. అందుకని మ్యాచ్ రోజు ముందుగా వచ్చినవాళ్ళు బోరింగు దగ్గర బకెట్లతో నీళ్ళు పట్టి మెట్ల మీద గుమ్మరించేవాళ్ళు. ఎవరు తడిపిన మెట్టు వాళ్ళది... దానికోసం ఎన్ని తగువులో! హైవే మీద లారీలు ఆపుకుని డ్రైవర్లు కూడా పైకెక్కి చూసేవాళ్ళు.

ఆడవాళ్ళు మాత్రం ఆ మెట్ల మీద కూర్చునేవాళ్ళు కాదు. రావద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు... అంతే, రాలేదు.

నేను ఆరో తరగతిలో ఉండగా, ఏటా జగ్గయ్యపేట కాలేజీతో జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్ మా ఊళ్ళో పడింది. పొద్దున్నే గ్రౌండులో గీతలు గీయాల్సిన అటెండరుకి జ్వరం. నాన్నకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. వాకిట్లో ముగ్గు వేస్తున్న అమ్మ తలెత్తి చూసింది.

"నేను గీస్తాలెండి. ముగ్గేగా."

"గ్రౌండంతానా?"

"అంతా గీస్తా. సాయంత్రం నన్ను మ్యాచ్‌కి రానిస్తారా మరి? ఒక్కసారి చూడాలనుందండీ."

నాన్న కాసేపు తల గోక్కుని సరేనన్నారు.

పురికొస చెరో కొసా నాన్నా నేనూ పట్టుకుంటే, దాని వెంబడే అమ్మ వంగి ముగ్గు పోసుకుంటూ పోయింది. గీత ఎక్కడా వంకర పోలేదు. గ్రౌండు మధ్యలో గుండ్రానికి మేకు కొట్టి తాడు కట్టిచ్చి, మేమిద్దరం గోలు వలలు కట్టడానికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి అమ్మ చేతులు దులుపుకుంటూ ఎదురొచ్చింది. మధ్యలోకి వెళ్ళి మేమిద్దరం చూడనే లేదు.

సాయంత్రం పెట్టెలోని ముదురాకుపచ్చ నేతచీర కట్టుకుని వచ్చి, నేను తడిపి ఉంచిన పై మెట్టు మీద ఓ చివర కూర్చుంది. కొంగు నిండా కప్పుకుంది. కళ్ళు మాత్రం గ్రౌండంతా తిరుగుతున్నాయి.

రెండు జట్లూ మధ్యకి వచ్చి ఆగిపోయాయి. గుండ్రం నడుమ ఎనిమిది రేకుల పద్మం! అంత చోటు ఖాళీగా వదలడానికి అమ్మ చెయ్యి ఒప్పుకోలేదు. జగ్గయ్యపేట కెప్టెన్ ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"పద్మం ముగ్గండీ ఇది. బూట్లతో ఎట్టా తొక్కుతామండీ? మా అమ్మకి తెలిస్తే ఇంట్లోకి రానియ్యదు" అన్నాడు రిఫరీతో. మా కెప్టెన్ కూడా కదల్లేదు. కామెంటరీ చెప్పే లెక్చరరుగారు ఆ మాటలన్నీ మైకులో వినిపించేసరికి గ్యాలరీ అంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను... అందరికంటే గట్టిగా.

"పి.డి. గారూ, ఇంత చక్కటి పద్మం ఎవరు వేశారండీ?" అని మైకులోనే అడిగారు.

నాన్న మైకు అందుకున్నారు. "మా అటెండరండీ. మతిలేని మనిషి" అన్నారు. వెళ్ళి బూటుతో రెండుసార్లు రుద్దేశారు. పద్మం పోయింది. జనం చప్పట్లు కొట్టారు.

అమ్మ లేచింది. "పొయ్యి మీద పాలున్నాయే" అంది. ఆ వేళప్పుడు మా ఇంట్లో పాలు కాచరు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నేను వెంట వెళ్ళలేదు. ఆట మొదలైపోతోంది మరి!

రాత్రి నాన్న అన్నానికి కూర్చున్నారు. "రెండు, ఒకటి. మనమేగా గెలిచింది?" అంది అమ్మ చారు పోస్తూ. నాన్న తల ఊపారు. ఆయన చెడ్డవారు కాదు... నలుగురిలో నవ్వులపాలవుతానని భయం, అంతే. అమ్మ మళ్ళీ ఎప్పుడూ వస్తానని అడగలేదు. ఆయనా రమ్మనలేదు.

ఇప్పుడు నాన్న లేరు. ఏడు వరసల్లో రెండే మిగిలాయి, మిగతావి కొట్టేసి రోడ్డు వైపు షాపులు కట్టారు. గ్రౌండులో సభలు, ఎగ్జిబిషన్లు... గోలు స్తంభాలకి పుట్టినరోజు ఫ్లెక్సీలు. ఎవరినని ఏం లాభం? కంచికచర్లలో నేను పాఠాలు చెప్పే బళ్ళో ఆటల పీరియడు లెక్కలకి ఇచ్చేద్దామన్నప్పుడు నేనూ సంతకం పెట్టాను. వాదించే ఓపిక లేకపోయింది.

అమ్మకి షుగరు. డాక్టరు నడవమన్నారని రోజూ పొద్దున్నే ఆ గ్రౌండుకే తీసుకెళ్తున్నాను. మొన్న నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగింది. చెప్పుల దగ్గర నేలకేసి చూసింది.

"ఇక్కడేగా?"

"ఇక్కడేనమ్మా."

"ఇప్పుడెవరూ ఆడటం లేదా?"

"లేదమ్మా."

కాసేపు ఆ రెండు మెట్ల వరసల వైపు చూసింది. "ఇప్పుడైతే నేను వచ్చి కూర్చునేదాన్నే" అంది.

నేనేగా ఆ రోజు అంత గట్టిగా నవ్వినదాన్ని...

మీ ఊళ్ళోనూ ఇలాంటి గ్రౌండు ఉండే ఉంటుంది. అందులో మీ అమ్మ ఏనాడైనా కూర్చుని ఆట చూసిందా? చూసి ఉంటే చెప్పండి... అమ్మకి చదివి వినిపిస్తాను.