పొలుసుతో వండిన చేప

లామ్రియాకు మొగుడి మీద అనుమానం పుట్టింది పారాపాత్‌లోనే. తమ ఊరు మెడాన్‌లో ఉన్నన్నాళ్ళు ఆమెకు అంత తీరిక ఉండేది కాదు. తెల్లారకముందే లేచి పంది మాంసం వేపుడూ చేపల కూరా వండి, బస్టాండు పక్కనున్న తన చిన్న హోటల్లో పొద్దు వాలేదాకా వడ్డించి, ఆనక అంట్లు తోముకునే మనిషికి మొగుడు ఎటు చూస్తున్నాడో కనిపెట్టే వ్యవధి ఎక్కడిది? ఏడాదికోసారి, జూన్‌లో పిల్లల బడికి సెలవులిచ్చినప్పుడు, హోటలుకి తాళం వేసి తోబా సరస్సు ఒడ్డున ఈ పారాపాత్‌లో నాలుగు రోజులు చేతులు ముడుచుకుని కూర్చునేది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. కాబట్టి ఆ నాలుగు రోజులూ మొగుణ్ణి కనిపెట్టుకుని ఉండేది.

మొగుడు బిన్సార్ సిటీ వ్యాను డ్రైవరు. సెలవులకు ఓనరు దగ్గర అదే వ్యాను అడిగి తెచ్చేవాడు. ముగ్గురు ఆడపిల్లలు, చాపలు, అన్నం గిన్నె, వీళ్ళందరి మధ్యా ఇరుక్కుని లామ్రియా. దారిలో వచ్చే సియాంతార్‌లో ఆగి పల్లీలు కొనడం, ఘాట్ రోడ్డు దిగుతుంటే కోతులు వాటిని లాక్కోవడం, చివరి మలుపులో సరస్సు కనపడగానే పిల్లలు ఒకరి మీద ఒకరు పడడం, ఏ ఏడు చూసినా ఇదే. దిగేది కూడా ఎప్పుడూ ఒక అవ్వ ఇంట్లోనే. పెరటి మెట్లు దిగితే నీళ్ళు, పక్కన చిన్న చిన్న కాయలు కాసే మామిడి చెట్టు. పిల్లలు తడి బట్టలతోనే ఉడికించిన మొక్కజొన్న కండెలు తినేవాళ్ళు. బిన్సార్ పెద్దగా మాట్లాడేవాడు కాదు, తాగి తూలేవాడూ కాదు. అంతా మంచివాడనేవాళ్ళు. మొగుళ్ళకు మంచి పేరు ఊరికే రాదనీ, దాని వెనకాల ఏదో ఉండే ఉంటుందనీ లామ్రియా నమ్మకం.

మూడోది కూడా ఆడపిల్లే పుట్టిన ఏడు బిన్సార్ తండ్రి చనిపోయాడు. దినాల్లో ఇంటిపేరువాళ్ళలో ఓ ముసలాయన అందరూ వింటుండగా, "ఏరా బిన్సార్, మీ నాన్న పేరు నీతోనే నీటిపాలా?" అన్నాడు. వాళ్ళలో ఇంటిపేరు నిలిపేవాడు కొడుకే. కొడుకు కోసం రెండో ఇల్లు పెట్టిన పెద్దమనుషులు కూడా లేకపోలేదు. ఆ ముసలాయన మాట కన్నా మొగుడు నోరు విప్పకపోవడమే లామ్రియాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ జూన్‌లోనే మొదలైంది. రెండో రోజు పొద్దున్నే బిన్సార్ తల దువ్వుకుని, సరస్సు మధ్య దీవిలో పాత స్నేహితుడున్నాడు, చూసొస్తానన్నాడు. ఇంటిపేరేమిటని అడిగింది లామ్రియా. అక్కడ ఇద్దరు మనుషులు కలిస్తే నోట వచ్చే మొదటి ప్రశ్న అదే. ఇంటిపేరు తెలిస్తేనే అన్న అనాలో బావ అనాలో తేలుతుంది, మిగతా మాటలు ఆ తర్వాతే. బిన్సార్ మర్చిపోయానన్నాడు. స్నేహితుడి మొహమైనా మర్చిపోతారేమో గానీ ఇంటిపేరు మర్చిపోయిన మనిషి ఆ దేశంలో పుట్టలేదు. లామ్రియా సరేనని తల ఊపి, ఆ మాటను మనసులో ముడేసుకుంది.

సాయంత్రం చివరి లాంచీలో వచ్చాడు. చొక్కాకి చేపల కూర వాసన, అందులో వేసే అడవి మిరియాల ఘాటు. ఆకలి లేదన్నాడు. కళ్ళు కాస్త ఎర్రగా ఉన్నాయి. వండి వడ్డించే మనిషికి ఈ గుర్తులు చాలు, ఎవరో కూర్చోబెట్టి కొసరి కొసరి తినిపించారు.

ఆ తర్వాత ఏ సెలవులకు వెళ్ళినా రెండో రోజు పొద్దున అదే వరస. లామ్రియా చేయని ప్రయత్నం లేదు. ఒక ఏడు పెద్దమ్మాయి తియోర్‌ని తోడు పంపించింది. ఆ రోజు బిన్సార్ దీవిలో దిగిన రేవు దాటి లోపలికి వెళ్ళలేదు. పిల్లకి నూడుల్స్ తినిపించి, తనేమీ తినకుండా తిరిగొచ్చాడు. "నాన్న పక్కన కూర్చుని రోడ్డుకేసి చూశాడమ్మా, అంతే," అని చెప్పింది తియోర్. బజారులో ఉల్లిపాయలమ్మే స్నేహితురాలు రుగున్ ఆ మాట వినగానే తేల్చి పారేసింది.

"రోడ్డుకేసి చూశాడంటే రోడ్డు చివర ఇల్లుందన్నమాటే. ఇంకా ఎందుకే నీకు సందేహం?"

"ఆడదొకతే ఉందో, పిల్లాడు కూడా ఉన్నాడో తేలడం లేదే," అంది లామ్రియా.

అదీ తేలిపోయింది, మరో రెండు మూడేళ్ళకి. సియాంతార్‌లో పిల్లలు రొట్టెలు కొనుక్కుంటుంటే లామ్రియా తన సీటు కింద తడిమింది. చేతికి సంచీ తగిలింది. అందులో మగపిల్లాడి తెల్ల కాన్వాసు బూట్లు, పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లాడి పాదమంత. అంటే ఆ రెండో ఇల్లు ఇప్పటిది కాదు, తన పెళ్ళినాటిదే. ఇంట్లో ఉన్నవి ముగ్గురు ఆడపిల్లల కాళ్ళు. ఆమెకు అరవాలనిపించలేదు. అరిస్తే ఆయన ఒప్పుకుంటాడేమో, ఒప్పుకుంటే తన బతుకేమిటన్నదే భయం. కొడుకున్న ఇల్లు ఒకటి ఉండగా, ముగ్గురు ఆడపిల్లలున్న ఇంట్లో ఆయన ఎన్నాళ్ళుంటాడు?

రెండో రోజు పొద్దున ఆయన దువ్వెన తీయగానే లామ్రియా కడుపు పట్టుకుని చాప మీద పడిపోయింది. బాగానే మూలిగింది. బిన్సార్ నీళ్ళు కాచాడు, వేడి గుడ్డ పెట్టాడు, అల్లం దంచి రసం తాగించాడు. మొదటి లాంచీ కూత వినిపించినప్పుడు చేతిలో గుడ్డ కాసేపు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. మధ్యాహ్నం పెరటి మెట్ల మీద కూర్చుని సాయంత్రం దాకా ఆవలి ఒడ్డుకేసి చూశాడు. ఆయన అటు చూస్తుండగానే లామ్రియా లేచి వెళ్ళి, వ్యానులోని బూట్లు తీసి అవ్వ మనవడికిచ్చేసింది. మర్నాడు వాడు అవి తొడుక్కుని గెంతుతుంటే బిన్సార్ చూశాడు, ఒక్క మాట అడగలేదు. తప్పు చేసినవాడు కాకపోతే అడగడా అనుకుంది లామ్రియా.

పై ఏడు వెళ్ళి మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. అన్నం ముట్టలేదు. మెడాన్ వచ్చాక కూడా చాలా రోజులు ఏదో పోగొట్టుకున్నవాడిలా తిరిగాడు. ఆ రెండో ఇంటావిడ తగువు పెట్టుకుంది కాబోలని లామ్రియా సంబరపడింది. సెలవుల్లో మిగిలిన రోజులు పిల్లల్ని పెడల్ పడవ ఎక్కించి తనూ ఎక్కింది. ఆ తర్వాత కూడా బిన్సార్ దీవికి వెళ్తూనే ఉన్నాడు గానీ, మగపిల్లాడి వస్తువు మళ్ళీ కొనలేదు.

అలా పిల్లలు ఎదిగారు. తియోర్‌కి సంబంధం కుదిరింది. మాటలకి వచ్చిన మగపెళ్ళివారి పెద్ద, పెళ్ళికూతురి మేనత్త ఎవరని అడిగాడు. పెళ్ళి మాంసంలో మేనత్తకు వాటా ఉంటుంది, ఆ వాటా ఎవరికిచ్చేదీ ముందే తేల్చుకోవాలి. బిన్సార్‌కి తోబుట్టువుల్లేరని లామ్రియా చెప్పింది. పెళ్ళయిన నాడు మామగారు ఆమెతో చెప్పిన మాటే అది. ఆ మాట పూర్తయ్యేలోగా బిన్సార్ లేచి, బాగానే ఉన్న వ్యాను చక్రానికి గాలి కొట్టడానికి వెళ్ళిపోయాడు. మొగుడు కదిలితే చాలు అనుమానించే లామ్రియాకి, విచిత్రంగా, ఆ రోజు ఏ అనుమానమూ రాలేదు.

పెళ్ళికి ముందు ఇదే ఆఖరని పిల్లలందరితో మళ్ళీ పారాపాత్ వెళ్ళారు. ఈసారి లామ్రియా తెగించింది. కూతురి పెళ్ళి పందిట్లోకి ఏ పిల్లాడో వచ్చి నేను ఈయన కొడుకునంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? అది ముందే తెలుసుకుని తీరాలి. ఆయన మొదటి లాంచీ ఎక్కాక, తలకి గుడ్డ చుట్టుకుని రెండోది ఎక్కింది.

దీవి రేవు పక్కన కూడుకొట్టులో కనిపించాడు. కొట్టావిడ అరిటాకులో చేప చుడుతోంది. పసుపుతో, అడవి మిరియాలతో దగ్గరగా మగ్గబెట్టిన బంగారు రంగు చేప. తలా తోకా తెగకుండా, పొలుసు తీయకుండా, పొట్టలో చిక్కుళ్ళు కూరి నిండుగా ఉంది. లామ్రియా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తినడానికైతే పొలుసు తీసి ముక్కలు కోస్తారు. పొలుసుతో వండిన నిండు చేప పుట్టింటివాళ్ళు ఆడపడుచుకు ఇచ్చే దీవెన. దాన్ని ఉంచుకున్నదానికి ఎవరూ పట్టుకెళ్ళరు, కూతురికో చెల్లెలికో పెడతారు. చెల్లెళ్ళు లేరు కదా. అయితే ఆ కొంపలో ఆడపిల్ల కూడా ఉందన్నమాట, దానికి పెళ్ళి కూడా చేసేశాడన్నమాట. ఆమె అనుమానానికి కొత్తగా మరో కొమ్మ మొలిచింది.

ఉల్లి మడుల గట్టు వెంట ఆయన వెనకే నడిచింది. రేకుల ఇల్లు. అరుగు మీద ఒక మగమనిషి వల బాగుచేసుకుంటున్నాడు. లోపల బిన్సార్ రెండు చేతులతో చేప పళ్ళెం చాచి ఉంటే, తల సగం నెరిసిన ఆడమనిషి కొంగు పట్టి అందుకుంటోంది. లామ్రియా గడపలో నిలబడింది.

తిట్టాలని దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ పోయి, ఆమె నోట అలవాటు మాటే వచ్చింది. "ఏ ఇంటి ఆడపడుచువి?"

"సిబురియాన్," అంది ఆ మనిషి మెల్లగా.

అది బిన్సార్ ఇంటిపేరు. లామ్రియా అరుగు మీది మనిషి వైపు తిరిగింది. అతను వల వదిలేసి, తల ఎత్తకుండా చెప్పాడు.

"నాదీ అదేనమ్మా."

ఇక ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది. ఒకే ఇంటిపేరువాళ్ళు అన్నాచెల్లెళ్ళ కింద లెక్క. వాళ్ళు పెళ్ళాడితే రెండు కుటుంబాలూ వాళ్ళను బతికుండగానే పూడ్చేస్తాయి. ఆమె సౌర్మా, బిన్సార్ చెల్లెలు. లేచిపోయిన నాడు తండ్రి కొడుకు చేత ఒట్టేయించుకున్నాడు, దాని పేరు ఈ జన్మలో ఎత్తనని.

"పేరెత్తనని ఒట్టేశాను," అన్నాడు బిన్సార్. "వెళ్ళనని వెయ్యలేదు. నాన్న పోయాక వెళ్ళాను."

"నాకైనా చెప్పకూడదటయ్యా? రెండో ఇల్లు పెట్టావని ఇన్నేళ్ళూ కుళ్ళి చచ్చాను."

బిన్సార్ ఆమె కూర్చోడానికి చాప జరిపాడు. "నీ మీద అనుమానమే, తియోర్ అమ్మా. హోటల్లో పదిమంది మధ్య కూర్చునేదానివి. నోరు జారితే వీళ్ళని ఈ దీవిలో కూడా ఉండనివ్వరు. ప్రతి ఏడూ చెప్దామనే అనుకునేవాణ్ణి. నీ మొహం చూసి ఆగిపోయేవాణ్ణి."

లామ్రియాకి కోపం వచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. తను ఆయన మొహం చూస్తున్నన్నాళ్ళూ ఆయన తన మొహం చూస్తున్నాడు. ఒకే చాప మీద ఇద్దరు కాపలాదారులు పడుకున్నట్టే అయింది.

సౌర్మా అన్నం వడ్డించింది. గోడ మీద ఒక పిల్లాడి ఫొటో ఉంది. లామ్రియా చూపు దాని మీద పడింది. అడగకుండా ఉండలేకపోయింది.

"మా మారూలి," అంది సౌర్మా. "బళ్ళో ఎవడూ పక్కన కూర్చోనిచ్చేవాడు కాదు వాణ్ణి. వాడికి ఉన్నదల్లా మేనమామే. ఒక ఏడు అన్నయ్య రాలేదు. బూట్లు తెస్తానన్నాడని పొద్దుటి లాంచీ నుంచి ఆఖరి లాంచీ దాకా రేవులోనే నిలబడ్డాడు. మావయ్యకి కూడా మనమంటే సిగ్గేసిందమ్మా అన్నాడు. ఆ నెల్లోనే చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఏ తోటల్లో కూలి చేస్తున్నాడో తెలీదు."

బిన్సార్ లామ్రియా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి గట్టిగా పట్టుబట్టినట్టు అన్నం కలుపుతున్నాడు. ఆ కడుపునొప్పి అబద్ధమని ఆయనకు ఆ రోజే తెలుసని, ఎందుకు ఆపావని అడిగితే ఎక్కడికి వెళ్తున్నావని తను అడుగుతుందని ఊరుకున్నాడని ఆమెకు ఇప్పుడు అర్థమైంది. తనూ ఊరుకోవచ్చు. ఎవరూ అడగడం లేదు కూడా. కానీ లామ్రియా చేతిలో ముద్ద తిరిగి పళ్ళెంలో పెట్టేసింది.

"ఆ ఏడు నాకు కడుపునొప్పి రాలేదు, వదినా. బూట్లు కూడా నేనే తీసి ఇంకొకళ్ళకిచ్చేశాను."

సౌర్మా ఇంకో గరిటె అన్నం ఆమె పళ్ళెంలో వేసింది.

"నాకు అనుమానమే," అంది. "మా అన్నయ్యకి అబద్ధం రాదు. పై ఏడు వచ్చి నీకు ఒంట్లో బాలేదని చెప్తూ నేలకేసి చూశాడు. కోపం లేదని చెప్పను, ఉంది. ముందు తిను, చల్లారిపోతోంది."

తియోర్ పెళ్ళికి ఎంత పిలిచినా సౌర్మా రాలేదు. తను వస్తే సగం పందిరి లేచిపోతుందంది. మేనత్త వాటా మాంసం మాత్రం లామ్రియా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఎవరికని పెద్దలు అడిగితే, తీసుకునే మనిషి ఉందని చెప్పి మూట కట్టి పెట్టింది. పెళ్ళి మర్నాడే ఆ మూట బిన్సార్ చేతికిచ్చి దీవికి పంపింది.

మళ్ళీ జూన్ వచ్చింది. చేపను లామ్రియానే వండింది, పొలుసు తీయకుండా, తోక విరగకుండా. దాన్ని ఒళ్ళో పెట్టుకుని వ్యానులో ముందు సీట్లో కూర్చుంది. సియాంతార్‌లో పల్లీల దగ్గర ఆపబోతే, ముందు చెప్పుల బజారుకి పొమ్మంది. కొట్టులో తెల్ల కాన్వాసు బూట్లు తీయించింది. ఎంత సైజని కొట్టువాడు అడిగాడు. మారూలి ఎక్కడున్నాడో, ఎంత ఎదిగాడో, అసలు తిరిగొస్తాడో రాడో ఎవరికీ తెలియదు. ఆమె బిన్సార్ వైపు తిరిగింది.

"నువ్వు తొడుక్కుని చూడు," అంది. "ఈపాటికి వాడి కాలు నీ కాలంత అయ్యుంటుంది."

బిన్సార్ అక్కడే బల్ల మీద కూర్చుని చెప్పులు విడిచి బూట్లు తొడుక్కున్నాడు. లామ్రియా వంగి, వేళ్ళ దగ్గర చోటుందో లేదో బొటనవేలితో నొక్కి చూసింది.