చెడ్డమాటల పక్కన పేరు

భోపాల్‌పట్నం బస్టాండు వెనక ఉమామహేశ్ నడిపే ఇంగ్లీషు కోచింగులో నవీన ఏడేళ్ళు పాఠం చెప్పింది. రాయ్‌పూర్ నుంచి వచ్చే గైడుల్లో ఇంగ్లీషు మాటకు హిందీ అర్థమే ఉంటుంది. సరిహద్దు ఊళ్ళ పిల్లలకు ఆ హిందీ కూడా కొరుకుడు పడదు. అందుకని ఆమె ప్రతి మాటకూ తెలుగు అర్థం, వాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడే దోర్లీ భాషలో అర్థం రాసి, కింద ఒక వాక్యం కట్టేది. వాక్యంలో తెలిసిన మనిషి ఉంటే పిల్లలు మాటను మరిచిపోరని ఆమె నమ్మకం.

‘జెనరస్’ అంటే పెట్టే చెయ్యి గలవాడు. భూషణం ఈజ్ జెనరస్. వానలో నడిచిపోయే పిల్లలను భూషణం కిరాయి అడగకుండా తన ఆటోలో ఎక్కించుకుంటాడని అందరికీ తెలుసు. ‘హార్డ్‌వర్కింగ్’ అంటే సోమమ్మ. ఆమె నవీన తల్లి. ఏటేటా వెంకటాపురం వైపు మిర్చి కోతలకు పోయి, మంటలు పుట్టే వేళ్ళతో అన్నం కలుపుకోలేక చెంచాతో తిని, కూతురిని బీఏ దాకా చదివించింది.

మరి ‘లేజీ’కి, ‘లయర్’కి, ‘థీఫ్’కి ఎవరి పేరు పెట్టాలి? పొద్దున్నే దేవుడికి దీపం పెట్టిన చేత్తో ఇంకొకరిని దొంగ అని రాయడానికి నవీనకు మనసొప్పలేదు. చెడ్డమాటలన్నిటి పక్కనా తన పేరే రాసుకుంది. నవీన ఈజ్ లేజీ. నవీన ఈజ్ ఎ థీఫ్. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. మాట మాత్రం మరిచేవాళ్ళు కాదు.

అలా నాలుగు లావు నోటుబుక్కులు నిండాయి. వాటిని పుస్తకం వేద్దామన్నాడు ఉమామహేశ్.

“అట్ట మీద నీ పేరు గూడ ఏస్త నవీనా. అది చూపిస్తే ఏ ప్రైవేట్ స్కూలోడైనా పిలిచి నౌకరి ఇస్తడు.”

ఆమెకు కావలసింది ఆ నౌకరీయే. సోమమ్మ కళ్ళు మసకబారి ఈ ఏడు కోతలకు పోలేదు. బీఈడీ చేయని నవీనకు బడి గడప ఎక్కించేది ఆ పేరొక్కటే. నోటుబుక్కులకు పసుపు బొట్టు పెట్టి మరీ ఇచ్చింది.

పుస్తకం విడుదల రోజున హాల్లో టీలు అందిస్తూ నవీన ఒక ప్రతి తెరిచింది. అట్ట మీద ఉమామహేశ్ ఫోటో, ఉమామహేశ్ పేరు. లోపల ‘జెనరస్’ దగ్గర భూషణం లేడు, ఉమామహేశ్ ఉన్నాడు. ‘హార్డ్‌వర్కింగ్’ దగ్గర సోమమ్మ పోయి అతని భార్య సుధామణి వచ్చింది. చెడ్డమాటల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అక్కడ నవీన ఎక్కడికక్కడే ఉంది.

“సార్, అట్ట మీద నా పేరు లేదు,” అంది మెల్లగా.

“లోపలున్నది గదా. నా పేరు కన్న నీ పేరే ఎక్కువసార్లున్నది, సూస్కో.”

పక్కనున్నవాళ్ళు నవ్వారు.

“అర్థాలన్ని నేనే రాస్తిని గద సార్.”

“మాటలు నీవా ఏంది? ఇంగ్లీషోళ్ళయి. పో, ఇటు ఇంక రెండు చాయ్ తే.”

ఆమె తెచ్చింది.

అయినా ఆశ చావక మరునాడు ఒక ప్రైవేట్ బడికి పోయింది. భూషణమే ఆటోలో దింపి, బయట కాచుకున్నాడు. మేనేజర్ రాంప్రసాద్ బల్ల మీద అప్పటికే ఆ పుస్తకం ఉంది. రాసింది తనేనని నవీన చెప్పింది. అతను పేజీలు తిప్పి, టీచర్లందరికీ వినిపించేలా చదివాడు.

“నవీన ఈజ్ ఎ లయర్. రాసింది నువ్వేనంటివి. మరి నీ మాట నమ్మాల్నా, నీ రాత నమ్మాల్నా?”

గదంతా నవ్వింది. బల్లలు తుడిచే ఆయా ఒక్కతే నవ్వకుండా మంచినీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చింది.

“అబద్ధాలకోరని నౌకరి ఇచ్చినంక తెలుస్తది ఎవరికైనా. ఈమె ముందే అచ్చేయించుకున్నది. జా, బేటీ,” అన్నాడు రాంప్రసాద్.

వారం తిరక్కుండా ఆ పుస్తకం వీధిలో పిల్లలందరి చేతుల్లోకీ వచ్చింది. నవీన కనబడితే చాలు, వెనకనుంచి పుస్తకంలోని వాక్యాలు అప్పజెప్పేవాళ్ళు. అందులో తన పేరూ ఉంటుందనుకుని భూషణం కూడా ఒకటి కొన్నాడు. చదవడం రాని మనిషి, దాన్ని తెచ్చి సోమమ్మ ఒళ్ళో పెట్టిపోయాడు.

“పొద్దుగాలనుంచి పోరగాళ్ళు నీ పేరే అంటున్నరు బిడ్డా,” అంది సోమమ్మ. “పుస్తకంల పడ్డదా?”

“పడ్డదమ్మా.”

“నాదో?”

నవీన తల్లి పక్కన కూర్చుంది. “నీది గూడ ఏసిండ్రు. కష్టం చేసే మనిషి అని.”

సోమమ్మ పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది. “ఏడున్నది? నా ఏలు పెట్టు దాని మీద.”

నవీన పేజీ తీసింది. కాయలు కాసిన తల్లి వేలిని పట్టుకుని సుధామణి పేరు మీద పెట్టింది. సోమమ్మ ఆ అక్షరాలను మెల్లగా తడిమింది, చెరిగిపోతాయేమోనన్నట్టు.

వాకిట్లోంచి పిల్లలు అరుచుకుంటూ పోయారు. “నవీన ఈజ్ ఎ లయర్! నవీన ఈజ్ ఎ లయర్!”

“ఇగో, మళ్ళ అంటున్నరు,” అంది సోమమ్మ, ముఖమంతా నవ్వు చేసుకుని. “మంచిగ నేర్పినవ్ బిడ్డా. ఎంత సాఫుగ పలుకుతున్నరో.”