రీలు లేని కెమెరా

నంద్యాలలో డిగ్రీ చదివే రోజుల్లో నాతో రోజూ మాట్లాడే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన కూడా నేను ఏదో ఒకటి చూసొస్తేనే మాట్లాడేవాడు.

బజారులో ఆయనకు ఫొటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు, గుర్తింపు కార్డుల ఫొటోలు ఆయన బతుకుతెరువు, పేపరుకు ఫొటోలు పంపడం ఆయన పిచ్చి. సాయంత్రం కర్నూలు బస్సు డ్రైవరు చేతికి పేపరు ఆఫీసులో ఇమ్మని కవరిచ్చి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చూసి వచ్చేవాడు. నేను కాలేజీ కార్డు కోసం ఫొటో దిగడానికి పోయి, దండెం మీద ఆరేసిన, పేపరుకు పంపే ఫొటోలు చూస్తూ అక్కడే ఉండిపోయాను. కరువు పనిలో మట్టితట్ట నెత్తికెత్తుకుంటున్న ఒకామె, ఆ బరువుకు మూతలుపడిన ఆమె కళ్ళు. ఇది నాకు నేర్పిస్తావా అన్నా అని అడిగాను. అంతకుముందు ఎవరినీ ఏదీ అడిగినట్టు నాకు గుర్తు లేదు.

ఆయన పాత డబ్బా కెమెరా ఒకటి నా మెడలో వేశాడు. తల వంచి పైనుంచి చూస్తే ఎదుటి మనిషి కింద అద్దంలో కనిపించే రకం. తలెత్తి ఎవరి ముఖమూ చూడలేని నాకు అది కొలతలు తీసి కుట్టించినట్టు సరిపోయింది. మురిసిపోయి తెరిచి చూస్తే లోపల రీలు లేదు.

"ముందు చూసేది నేర్చుకోప్పా. తీసేది తర్వాత" అన్నాడు.

ఆయన పద్ధతి అది. కాలేజీ వదిలాక ఖాళీ కెమెరాతో ఊరు తిరిగి, మీట నొక్కాలి. సాయంత్రం స్టూడియోలో స్టూలు మీద కూర్చుని, తీసిన ఫొటోను నోటితో చెప్పాలి. ముందు ఏముంది, వెనక ఏముంది, వెలుతురు ఏ పక్కనుంచి పడింది, ఆ మనిషి ఏం చేస్తున్నాడు. చివర పేరు, ఊరు. పేరు చెప్పలేకపోతే ఆ ఫొటో చెల్లదు.

మొదటి సాయంత్రం బస్టాండులో ఒక ముసలామెను తీశానని చెప్పాను.

"ఏ ముసలామె? పేరేంది? యాడికి పోతాండాది?"

అడగలేదన్నాను. మళ్ళీ రేపు రమ్మన్నాడు.

నాది ఆళ్లగడ్డ. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన బడిపంతులు. ఉన్న మాటలన్నీ బళ్ళోనే ఖర్చుపెట్టి ఇంటికొచ్చేవాడు. పొద్దుగూకితే ఇద్దరం జొన్నరొట్టె తుంచుకు తినే చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ వినపడేది కాదు. అలా పెరిగినవాడికి ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గరికి పోయి పేరడగడమంటే ఒంటి మీద తేళ్ళు పాకినట్టుండేది. అయినా అడగడం మొదలుపెట్టాను. అడక్కపోతే సాయంత్రం చెప్పడానికి ఏమీ ఉండదు మరి.

ఆ రోజుల్లో మా సీమలో కెమెరా కనబడితే చాలు, మనుషులు చేస్తున్న పని వదిలేసేవాళ్ళు. అంగీ గుండీలు పెట్టుకుని, చేతులు తొడలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. నవ్వితే ఫొటో చెడిపోతుందని వాళ్ళ నమ్మకం. దీనికి అన్న చెప్పిన మందు ఒకటే. వాళ్ళు నిన్ను మరిచిపోయేదాకా అక్కడే ఉండు అన్నాడు. ఈ విద్య మాత్రం నాకు ఇట్టే పట్టుబడింది. నన్ను మరిచిపోవడం ఎవరికీ కష్టం కాలేదు.

ఒక వక్కాకు అంగడి ఆయన మాత్రం మరవలేదు. ఫొటో ఎప్పుడిస్తావని అడిగాడు. రీలు లేదని నిజం చెప్పాను.

"రీలే లేకుంటే ఇంగేం చూస్తాండావప్పా ఇంతసేపు?"

నేను అద్దెకుండే మేడ మీద పక్క గదిలోని విద్యార్థులకు ఈ సంగతి తెలిసిన నాటినుంచి నేను మెట్లెక్కుతుంటే చాలు, 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అని అందుకునేవాళ్ళు. లేని ఫొటోలకు పేర్లు పోగుచేస్తున్నవాణ్ణి మరి. తలుపేసుకుని లోపల పళ్ళు కొరికేవాణ్ణి.

సాయంత్రాలు మాత్రం నావి. నేను చెబుతుంటే అన్న చేతిలో ఫొటోలకు మెరుగులు దిద్దే పెన్సిలు ఆగిపోయేది. ఆ కూలాయన కాళ్ళకు చెప్పులున్నాయా అని అడిగేవాడు. తెలియదంటే పోయి చూసి రమ్మనేవాడు. నా మాట అంత చెవి పెట్టి విన్నవాళ్ళు అంతకుముందు లేరు. అయినా నా ధ్యాసంతా రీలు మీదే. ఎప్పుడిస్తావన్నా అని ఆయన ప్రాణం తీసేవాణ్ణి.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు అడక్కుండానే రీలు ఎక్కించి ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం వీధి కొళాయి దగ్గర బిందెలు వరసగా ఉన్నాయి. బిందె లేనివాళ్ళు తమ వంతుకు రాయి పెట్టి పోయారు. ఒకామె మాత్రం బిందె అంచు మీద చెయ్యి వేసి, కూర్చునే నిద్రపోతోంది. మీట నొక్కాను. ఆమె లేచేదాకా ఉండి పేరడిగాను.

అన్న ఫొటో కడిగి, తడి కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. బాగుందన్నాడు. పేరు, వీధి రాసుకుని కవర్లో పెట్టాడు. నేను అలవాటు ప్రకారం స్టూలు మీద కూర్చుని చెప్పబోయాను.

"ఫొటోలో అంతా ఉండాది గదప్పా. ఇంగ చెప్పేదేముంది?"

కవరు తీసుకుని బస్సుకు పోయాడు. నేను ఆ స్టూలు మీదే కూర్చుండిపోయాను. ఆమె మజ్జిగ అమ్ముతుందని, నిద్రలేస్తూనే నీళ్ళొచ్చినాయా నాయనా అని నన్నే అడిగిందని ఫొటోలో లేదు. అది నాలోనే ఉండిపోయింది.

ఫొటో పేపర్లో పడింది. ఆ శనివారం పేపరు పట్టుకుని ఆళ్లగడ్డ పోయాను. నాయన కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు. నువ్వు తీసిందేనా అన్నాడు. అవునన్నాను. మంచిదన్నాడు, పరీక్షలెప్పుడని అడిగాడు. అంతే. ఇద్దరం రొట్టె తిన్నాం. పేపర్లో ఫొటో పడితే ఏదో మారుతుందనుకున్న నా తెలివికి నాకే ఏడుపొచ్చింది.

ఆదివారం సాయంత్రం నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఒళ్ళో కెమెరా, అందులో అన్న మళ్ళీ ఎక్కించిన రీలు. బస్సు కదిలే ముందు టీ అంగడి వైపు చూశాను. నాయన అక్కడున్నాడు. పేపరు విప్పి టీ కాచే ఆయన ముందు పట్టుకున్నాడు. వేలు ఫొటో మీద ఉంది. నన్ను చూడలేదు. తల వంచితే అద్దంలో నిండుగా వచ్చాడు. నొక్కితే మంచి ఫొటో. నొక్కితే మళ్ళీ చెప్పడానికేమీ ఉండదు. నేను నొక్కలేదు. బస్సు కదిలింది.

మరుసటి రోజు స్టూడియోకు పోయాను. రీలు కడగాలా అని అన్న అడిగాడు. వద్దన్నాను. ఒక మనిషిని చూశాను గానీ తీయలేదని చెప్పాను. రీలిచ్చినా తీయలేదా అని కసురుకుంటాడనుకున్నాను. ఆయన పెన్సిలు పక్కన పెట్టి, స్టూలును కాలితో నా వైపు జరిపాడు.

"పేరేంది?"

నాయన పేరు ఇంటిపేరుతో సహా చెప్పాను. అది నా ఇంటిపేరే కావడంతో ఆయన నా ముఖంలోకి చూశాడు.

"ఏం చేస్తాండాడు?"

"మాట్లాడతాండాడన్నా" అన్నాను.