దూడ కడుపునిండా తాగిన రోజు

దానిమ్మకాయ ఒలుస్తుంటే, ఆ తొక్కు వగరు వాసనకి మా గేదె దూడ గుర్తొస్తుంది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. దూడ నాలుగు గుక్కలు తాగి, గేదె పాలు చేపగానే నాయనమ్మ దాన్ని లాగి గుంజకు కట్టేసి, మిగతా పాలు పిండుకునేది. నా దృష్టిలో అది పట్టపగలు దొంగతనం. ఒక సాయంత్రం ఆవిడ మిరపకోత నుంచి రావడం ఆలస్యమైతే, పలుపు విప్పి న్యాయం జరిపించాను. దూడ పొదుగంతా ఖాళీ చేసింది.

తెల్లారేసరికి దూడ నీళ్ల విరేచనాలు పారుకుంటూ, లేవలేక పడి ఉంది.

"ఒసేయ్, విప్పింది నువ్వేనా?" అని నాన్న నామీద అరిచాడు.

"పలుపు చివికిపోయిందిరా, పిల్లనేం అడుగుతావు?" అంది నాయనమ్మ. అది కొత్త నైలాన్ తాడు.

దానిమ్మ తొక్కు కాచిన నీళ్లు నాయనమ్మా నేనూ మూడు రోజులు దానికి తాగించాం. నాలుగో రోజు దూడ లేచి, కృతజ్ఞతగా నన్ను తన్నింది.

ఆ తర్వాత నా తప్పులు చాలామంది పట్టుకున్నారు. వాటిని తాడు మీదకి నెట్టేసే మనిషి మాత్రం మళ్లీ దొరకలేదు.