తడిపిన కాగితం

గవర్రాజు ముక్కును నమ్మేవాడు కాదు. ఉక్కు కర్మాగారంలో గ్యాస్ కడిగే సెక్షన్‌లో పదహారేళ్లు పనిచేసినవాడికి అది విచిత్రమైన అలవాటే. కోక్ బట్టీల నుంచి వచ్చే గ్యాస్‌లో కుళ్లిన గుడ్ల కంపు కొట్టే విషం ఉంటుంది. దాన్ని కడిగి తీసేశాకే కరెంటు తీసే బాయిలర్లకు పంపాలి. కడగనిది మండిస్తే ఆ పొగ ఊరి మీదే దిగుతుంది.

తొంభై ఏడు ఎండాకాలంలో కడిగే పంపు ఆగిపోయింది. పంపు ఉన్నది నేల కింద గుంటలో. పొద్దున అక్కడ కంపు భరించలేకపోయారు. పదింటికల్లా ఏ వాసనా లేదు. గ్యాస్ ఎప్పుడు పంపుతారని బాయిలర్ల దగ్గర నుంచి ఫోను మీద ఫోను.

జోడీ ఫిట్టరు పైడయ్య నిచ్చెన మీద కాలు పెట్టేశాడు.

"వాసన పోనాది బావా. నాను దిగేత్తన్నాను."

"కాగితం దింపినావా?"

"దింపినాను. తెల్లగానే వచ్చినాది, సూడు."

సీసపు మందు పట్టించిన ఆ కాగితాన్ని దారానికి కట్టి గుంటలోకి వదలాలి. విషముంటే నల్లబడుతుంది. గవర్రాజు దాన్ని వేళ్లతో నలిపాడు. గలగలమంది.

"తడిపినావేటి?"

పైడయ్య నవ్వాడు. "దానికీ దాహమేటి బావా?"

నవ్వుతూనే ఇంకో మెట్టు దిగాడు. గవర్రాజు వంగి కాలరు పట్టి లాగాడు. చొక్కా వీపు దాకా చిరిగింది, మనిషి పైకొచ్చాడు. ఇంకో కాగితం మంచినీళ్లలో తడిపి దింపితే, మసిబొగ్గులా వచ్చింది.

"వాసన పోలేదురా, మన ముక్కులు సచ్చిపోనాయి," అన్నాడు గవర్రాజు. ఆ విషం ఎక్కువైతే మొదట వాసన తెలియకుండా చేస్తుంది.

ఫ్యాన్లు పెట్టి, మాస్కులు తెప్పించి, పంపు తిప్పేసరికి మూడున్నర. అంతసేపూ గ్యాస్ ఆపేసినందుకు గవర్రాజుకు మెమో వచ్చింది. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మెమో సంగతి సరే, నా సొక్కా ఎప్పుడు కొంటావు?" అని పైడయ్య కనబడ్డప్పుడల్లా దెప్పేవాడు. "ఈసారి తడిపి దింపు, కొంటాను," అనేవాడు గవర్రాజు.

రెండువేల ఎనిమిదిలో గవర్రాజు ఇంట్లోనే, గుండె ఆగి పోయాడు. పాడె పట్టిన పైడయ్య వీపు మీద ముదురు దారంతో కుట్టిన చొక్కా ఉంది. గవర్రాజు భార్య వరహాలమ్మ ఆ కుట్టును గుర్తుపట్టింది. చొక్కా చిరిగిన రోజు సాయంత్రం ఆ కుట్టు వేసింది ఆవిడే.