సగం వచ్చిన నవ్వు

ఆ రోజుల్లో ఫోటోలో నవ్వడం తప్పు. కనీసం చాంద్రాయణగుట్ట చౌరస్తాలో నేను పనిచేసిన స్టూడియోలో అదే చట్టం. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఫోటో కావలసింది ఏదో ఒక దరఖాస్తుకు. దరఖాస్తు మీద పళ్లు కనిపిస్తే ఆఫీసులో తిప్పి పంపుతారని మా యజమాని గట్టి నమ్మకం. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. నాకు అప్పటికి ఇరవై రెండేళ్లు, చేతిలో కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్, బుర్రలో ఆ సర్టిఫికెట్ కంటే నాలుగింతలు పొగరు. నా ఉద్యోగం ఫోటోలు తీయడం, సరిచేయడం, పనికిరానివి చెరిపేయడం. ఈ మూడో పని నేను ఎంత శ్రద్ధగా చేశానంటే, రోజూ సాయంత్రం కొట్టు కట్టేముందు ఆ రోజు నవ్విన వాళ్లందరినీ కంప్యూటర్లోంచి తీసేసేవాణ్ని. చెత్తబుట్టలో కూడా మిగలకుండా, రెండు మీటలు కలిపి నొక్కి, శాశ్వతంగా. (శుభ్రత అంటే అదే అనుకునేవాణ్ని.)

ఒక వేసవిలో ఒక బస్సు డ్రైవరు, ఆయన భార్య వచ్చారు. ఆయన రిటైరవుతున్నాడు. పింఛను కాగితాల మీద భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్న ఫోటో అంటించాలి. పెళ్లి తర్వాత ఇద్దరూ కలిసి కెమెరా ముందు కూర్చోవడం అదే మొదటిసారట. ఆయన చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, రెండు చేతులూ ఎదురుగా గాలిలో ఉంచి, కనిపించని స్టీరింగు పట్టుకున్నట్టు కూర్చున్నాడు. "బాపూ, చేతులు కింద పెట్టు," అన్నాను. పెట్టాడు. రెండు నిమిషాల్లో మళ్లీ లేచాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. "అమ్మా, కొంగు తియ్యి, మొఖం కనపడాలె," అన్నాను. తీసింది. తీయగానే ఇంకా గట్టిగా నవ్వింది. "గీయనను చూస్తె నవ్వాగుతలేదు కొడుకా! ఇంట్ల అన్నం తినేటప్పుడు గూడ గిట్లనే, హారన్ కొట్టుడొక్కటే తక్కువ." ఆయన మాత్రం తల తిప్పలేదు. కదలొద్దని నేనే చెప్పాను మరి. ఎనిమిది ఫోటోలు తీస్తే ఏడింటిలో ఆమె నవ్వింది. ఎనిమిదో దాంట్లో ఉస్తాద్ లోపలి నుంచి, "క్యా లొల్లి హై?" అని గద్దించేసరికి భయపడి మూతి బిగించింది. ఆ ఎనిమిదోది ప్రింటు తీసి ఇచ్చాను. మిగతా ఏడూ సాయంత్రం నా శుభ్రతకు బలి అయ్యాయి.

వానాకాలం వచ్చేసరికి ఆమె లేదు. జ్వరమని ఆసుపత్రికి తీసుకెళితే తిరిగి రాలేదట. పెద్దకర్మకు ఇంకా వారం ఉందనగా ఆయన వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. పటం కట్టించుకోవడానికి వచ్చాడనుకుని ఎనిమిదో ఫోటో తెరిచాను. ఆయన చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది గాదు బిడ్డా. ఇందుల ఆమె బెదిరింది. ఆనాడు మస్తు నవ్వింది గదా, అవి ఉంటయ్ గదా నీ దగ్గర?"

తీసేశానని అప్పుడే చెప్పాల్సింది. కానీ చెరిపేసిన ఫైళ్లను తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దొరుకుతుందని నేను ఎక్కడో చదివి ఉన్నాను. "ఉంటయ్ బాపూ. ఫికర్ చేయకు. జర టైమ్ పడతది," అన్నాను. డాక్టర్లు మాట్లాడే గొంతుతో అన్నాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

ఆ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ కావడానికే ఒక పూట పట్టింది. తెర మీద ఇంగ్లిషులో ఏదో నాలుగు పంక్తుల హెచ్చరిక వచ్చింది. ఇంగ్లిషు నాకు రాక కాదు, చదవడం నామోషీ. 'తర్వాత', 'తర్వాత' అని నొక్కుకుంటూ పోయాను. ఎక్కడ పెట్టాలని అడిగింది. ఫోటోలున్న డ్రైవ్‌లోనే ఖాళీ ఉంది, అక్కడే పెట్టు అన్నాను. దొరికినవి ఎక్కడ దాచాలని అడిగింది. అదీ అక్కడే అన్నాను. ఆ తర్వాత కంప్యూటరు వెతకడం మొదలుపెట్టింది. రెండు రోజులు వెతికింది. ఆ రెండు రోజులూ ఆయన పొద్దున పదకొండుకు వచ్చి కూర్చునేవాడు.

"బండి ఏడిదాకా వచ్చింది బిడ్డా?"

"ముప్పై శాతం బాపూ."

"పత్తర్‌గట్టి అన్నట్టు." ఆయన బస్సు రూటు లెక్కలో అఫ్జల్‌గంజ్ సున్నా, మా చౌరస్తా నూరు. యాభై దగ్గర కదలకుండా ఆగిపోతే నేను కంగారుపడ్డాను. ఆయనే ధైర్యం చెప్పాడు. "శాలిబండ గదా, గాడ జామ్ అయితది. హారన్ కొడితే గూడ జరగరు. ఊకో."

రెండో రోజు మధ్యాహ్నానికి నూరు వచ్చింది. వేల ఫోటోలు తేలాయి. ఒక్కదానికీ పేరు లేదు, అన్నిటికీ అంకెలే. మొదటి వరసలోనే ఉస్తాద్ దర్శనమిచ్చాడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మా కాశ్మీరు పరదా ముందు, నడుం మీద చెయ్యి వేసి, నలభై ఫోటోలు. ఉస్తాద్ పరుగున వచ్చి తెరకు అడ్డం నిలబడ్డాడు. "లైటింగ్ టెస్ట్ భాయ్, లైటింగ్ టెస్ట్!" భార్య పోయాక బాపు మొదటిసారి నవ్వడం అప్పుడే చూశాను. తర్వాత ధూల్‌పేట్‌లో చేసే వినాయక విగ్రహాలు వచ్చాయి, రంగులు వేయకముందు, కళ్లు లేకుండా. ఆ తర్వాత మనుషులు. నేను చెరిపేసిన వాళ్లందరూ, నవ్వుతూ. అయితే చాలామంది ముక్కు దాకానే ఉన్నారు. అక్కడి నుంచి కిందికి అంతా బూడిదరంగు.

అప్పుడు తెరిచాను ఆ హెచ్చరిక. కంప్యూటర్లో ఫోటో చెరిపేస్తే ఫోటో వెంటనే పోదట. బస్సులో సీటు మీద వేసుకున్న తువ్వాలు ఎవరో తీసేసినట్టు, ఈ సీటు ఖాళీ అని చెప్పడం మాత్రమేనట. ఇంకెవరో వచ్చి కూర్చునేదాకా పాత మనిషి అక్కడే ఉంటారు. అందుకే వెతికే సాఫ్ట్‌వేర్‌ను ఆ డ్రైవ్‌లో పెట్టొద్దు, దొరికినవి అక్కడ దాచొద్దు అని అందులో స్పష్టంగా రాసి ఉంది. నేను రెండూ చేశాను. ఆమె కోసం వెతకడానికి బయలుదేరి, నేనే వెళ్లి ఆమె సీట్లో కూర్చున్నాను.

ఏడింటిలో ఒక్కటే దొరికింది. బొట్టు, నవ్వుతో చిట్లించిన కళ్లు, బుగ్గల పైభాగం. పక్కన ఆయన కళ్లు, తిన్నగా ముందుకు, రోడ్డు చూస్తున్నట్టు. ముక్కుల కింద ఇద్దరికీ బూడిద.

ఉస్తాద్ జాలిపడి తన విద్య చూపబోయాడు. విడి ఫోటో లేని ఆడవాళ్లు చనిపోతే, గుంపు ఫోటోలోంచి తల తీసి ఆకుపచ్చ పట్టుచీర కట్టిన మొండెం మీద అతికించేవాళ్లం. (ఆ మొండెం ఒక్కటే. మా బస్తీలో గోడల మీది అమ్మలందరికీ అదే చీర, అదే గాజులు.) "కింద ఎనిమిదో ఫోటో మూతి పెట్టి, పట్టుచీర వేసేద్దాం బాపూ, తెలవదు," అన్నాడు. "వద్దు. బెదిరిన మూతి వద్దు," అన్నాడాయన.

నేను ఇక ఆపుకోలేకపోయాను. "బాపూ, మిషన్ తప్పు గాదు. నేనే తీసేసిన. మల్ల తెస్తా అని నేనే ఖరాబ్ చేసిన."

ఆయన తెర మీది బూడిదరంగు చూపించాడు. "కొంగు అడ్డం పెట్టుకుందనుకుంట, గంతే. ముప్పై ఏండ్లల్ల ఏనాడు నవ్వినా కొంగు అడ్డమే. ఆమె మూతి నవ్వంగ నేనెన్నడు జూసిన?"

"లేదు బాపూ. కొంగు తియ్యమన్న. తీసింది. ముందటి పన్ను సగం ఇరిగి ఉంటది గదా?"

ఆయన చేతులు రెండూ గాలిలోకి లేచాయి, స్టీరింగు దగ్గరికి. "నువ్వు జూసినవా?"

"చూసిన."

"పెండ్లయిన కొత్తల్ల నా బస్సే ఎక్కింది. నేను బ్రేకేసిన. ముందటి రాడ్ తగిలి ఇరిగింది. ఆనాటి సంది కొంగు." చేతులు దించుకుని, "నేను పన్ను తీసిన, నువ్వు మూతి తీసినవ్. ఇద్దరికిద్దరం," అన్నాడు. నవ్వబోయాడు, రాలేదు. బల్ల మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. "గిట్ల కూసో. ఎట్ల నవ్విందో జెప్పు."

చెప్పాను. పన్ను ఎటు విరిగిందో, ఎడమ బుగ్గ ఎలా లోతు పడిందో, నవ్వు ఆపుకోబోయి దగ్గు ఎలా వచ్చిందో. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి చెప్పాను. తర్వాత పత్రికలో చేరి, జరిగింది జరిగినట్టు, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే వృత్తిగా ఇన్నేళ్లు బతికాను. కానీ అంత జాగ్రత్తగా, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట వదలకుండా నేను చెప్పింది ఆ బల్ల మీదే. ఆ సగం ఫోటోనే ఆయన పటం కట్టించుకున్నాడు. పూలదండ సరిగ్గా బూడిదరంగు మొదలైన చోటి నుంచి వేలాడేలా వేసుకున్నాడు.

ఇప్పుడు నా ఫోను ఎప్పుడూ నిండే ఉంటుంది. మసక ఫోటోలు, తలలు తెగిన ఫోటోలు, నా వేలు మాత్రమే పడ్డ ఫోటోలు, అన్నీ అలాగే ఉన్నాయి. "జాగా లేదంటున్నది, జర సాఫ్ చేయరాదుండ్రి," అని మా ఆవిడ వారానికోసారి విసుక్కుంటుంది. కళ్లజోడు పైకి నెట్టుకుని, పెద్దమనిషిలా కూర్చుని, ఒక్కొక్కటీ తెరుస్తాను. చెరిపేయమంటారా అని అది అడుగుతుంది. ఈ వయసులో నాకు ఆ హెచ్చరిక మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవడం అలవాటైంది. చదివి, వద్దు అని నొక్కి, ఆవిడ రాకముందే ఫోను జేబులో పెట్టేస్తాను.